రెవిట్ లేకుండా బిల్డింగ్ మోడల్ చూడాలంటే: సాఫ్ట్‌వేర్ వెతికేముందు ఫైలు ఏ జాతిదో తేల్చుకోండి

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను, తప్పైతే దిద్దండి. మీరు విజయవాడ దగ్గర ఐదంతస్తుల ఆసుపత్రి కడుతున్న కాంట్రాక్టర్ దగ్గర సైట్ ఇంజనీరు. ఆర్కిటెక్ట్ ఆఫీసు నుంచి ఒక జిప్ వచ్చింది. అందులో మూడు ఆర్‌వీటీలు (బిల్డింగ్ మోడల్ గీసే రెవిట్ అనే సాఫ్ట్‌వేర్ సొంత ఫైళ్లు), రెండు ఐఎఫ్‌సీలు (వేర్వేరు సాఫ్ట్‌వేర్ల మధ్య పంచుకునే మోడల్ ఫైళ్లు), ఒక ఎన్‌డబ్ల్యూడీ (మోడల్స్ కలిపి చూపించే నావిస్‌వర్క్స్ ఫైలు), నలభై దాకా డీడబ్ల్యూజీలు (ఆటోకాడ్ డ్రాయింగులు). మీ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ. స్నేహితుడి దగ్గరున్న పాత రెవిట్‌లో ఆర్‌వీటీ తెరవబోతే "ఇది కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు" అని మొరాయించింది. ఐఎఫ్‌సీలు తెరుచుకున్నాయి గానీ బిల్డింగ్ ఒకచోట, ఏసీ డక్టులు ఇంకెక్కడో ఉన్నాయి. పైగా గోడల అంచులు వణుకుతున్నట్టు కనపడుతున్నాయి. ఈలోపు రెండు వారాలకి అవే పేర్లతో ఇంకో జిప్ దిగింది. వచ్చే నెలలో ఒక రెవిట్ లైసెన్సు కొందామని మీ మేనేజర్ గారు అంటున్నారు. ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి, ఏ ఫైలు నమ్మాలి అని అడిగారు.

నేను పదిహేనేళ్లుగా హైదరాబాద్‌లో మోడల్ కోఆర్డినేషన్ పనిలో, అంటే వేర్వేరు విభాగాల మోడల్స్ కలిపి సరిచూసే పనిలో ఉన్నాను. మొదటి ఐదేళ్లు నేనూ మీలాగే "దీన్ని దేంట్లో తెరవాలి" అని వెతుక్కున్నాను. ఆ తర్వాతే తెలిసింది, అడగాల్సింది "ఇది జాడీనా, సీసానా" అని.

మన ఇళ్లలో ఆవకాయ పెద్ద జాడీ వాసెన కట్టి ఒక మూలన ఉంటుంది. రోజూ తినడానికి చిన్న సీసాలోకి తీసుకుంటాం. జాడీలో తడి గరిటె పెడితే అమ్మ ఊరుకోదు. ఆర్‌వీటీ ఆ జాడీ. డిజైన్ చేసేవాళ్ల అసలు సరుకంతా అందులోనే ఉంటుంది, ఇంకా ఊరుతూ మారుతూ ఉంటుంది. ఎన్‌డబ్ల్యూడీ, ఐఎఫ్‌సీ, పీడీఎఫ్ ఇవన్నీ ఒక రోజున అందులోంచి తీసి ఇచ్చిన సీసాలు. మీకు చూడటమే పనైతే సీసా చాలు. మీకు జాడీ కూడా పంపారంటే మంచితనంతో పంపారో, పంపేముందు ఏం పంపుతున్నారో చూసుకోలేదో నేను చెప్పలేను గానీ, దాన్ని తెరవలేకపోయినందుకు మీరు నష్టపోయింది పెద్దగా ఏమీ లేదు.

ఆర్‌వీటీ సంగతి ముందు తేల్చేద్దాం. రెవిట్ ఏడాదికో వెర్షన్ వస్తుంది. 2025లో సేవ్ చేసినది 2024లో తెరుచుకోదు. ఆటోకాడ్‌లో లాగా "పాత వెర్షన్‌లో సేవ్ చేసి పంపండి" అని అడగడం ఇక్కడ కుదరదు, రెవిట్‌లో ఆ సౌకర్యమే లేదు. ఈ మాట చెప్తే చాలామంది నమ్మరు, కన్సల్టెంట్ బద్ధకంతో చెయ్యట్లేదనుకుంటారు. వాళ్ల చేతిలో నిజంగానే లేదు. ఇక పాత ఫైలుని కొత్త వెర్షన్‌లో తెరిస్తే అది అప్‌గ్రేడ్ అవుతుంది. సేవ్ చేశారంటే వెనక్కి దారి లేదు. మీ దగ్గర కొత్తది ఉండి వాళ్ల దగ్గర పాతది ఉంటే, మీరు సేవ్ చేసి తిరిగి పంపిన ఫైలు వాళ్లకి పనికిరాదు.

తెరవకుండానే ఏ వెర్షనో తెలుసుకునే ఉపాయం ఒకటుంది. 7-జిప్ వేసుకోండి, ఉచితమే. ఆర్‌వీటీ మీద రైట్ క్లిక్ చేసి 7-జిప్‌తో లోపలికి తెరిస్తే చిన్న చిన్న ముక్కలు కనపడతాయి. వాటిలో బేసిక్‌ఫైల్‌ఇన్ఫో అనే దాన్ని బయటికి తీసి నోట్‌ప్యాడ్‌లో చూడండి. చెత్త అక్షరాల మధ్య వెర్షన్ సంవత్సరం, సెంట్రల్ ఫైలు (జట్టంతా కలిసి పనిచేసే అసలు ఫైలు) ఉన్న పాత్, చివరిగా సేవ్ చేసిన చోటు తెలుస్తాయి. నాకైతే వెర్షన్ కంటే ఆ పాత్ ఎక్కువసార్లు పనికొచ్చింది. ఫైలు ఎవరి సర్వర్ మీంచి వచ్చిందో, ఆర్కిటెక్ట్ స్వయంగా ఇచ్చిందో, మధ్యలో ఎవరో దాచుకున్న కాపీయో అక్కడ బయటపడుతుంది.

ఆర్‌వీటీని చూసి తీరాల్సిందే అంటే రెండు దారులున్నాయి. రెవిట్ ఇన్‌స్టాల్ చేస్తే దానితో పాటే రెవిట్ వ్యూయర్ అని ఒకటి వస్తుంది. లైసెన్సు లేకుండా తెరుచుకుంటుంది, అన్నీ చూడొచ్చు, సేవ్ చెయ్యడం మాత్రం కుదరదు. మీ 8 జీబీ యంత్రానికి అది బరువే. రెండోది ఆటోడెస్క్ వ్యూయర్. బ్రౌజర్‌లో ఫైలు ఎక్కించి చూడటమే, అకౌంట్ ఉచితం, ఎక్కించినది 30 రోజులుంటుంది. లింకులున్న (వేరే మోడల్ ఫైళ్లని జతచేసుకున్న) మోడల్ అయితే అన్నీ కలిపి జిప్‌గా ఎక్కించి, అందులో ముఖ్యమైనది ఏదో చూపించాలి, లేదంటే లింకు మోడల్స్ ఖాళీగా కనపడతాయి. ఎక్కించేముందు ఆర్కిటెక్ట్‌కి ఒక మెయిల్ పెట్టి అనుమతి తీసుకోండి. ఆసుపత్రి నక్షాలు వేరేవాళ్ల సర్వర్ మీదికి పోతాయి, చూపించే లింకు ఎవరికి చేరితే వాళ్లు చూస్తారు. మీ అగ్రిమెంట్‌లో దీని గురించి ఒక వాక్యం ఉండే అవకాశం ఉంది, చదవండి.

ఎన్‌డబ్ల్యూడీ మీకు రోజువారీ అన్నం లాంటిది. నావిస్‌వర్క్స్ మొదట ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టిన కంపెనీ సాఫ్ట్‌వేర్, 2007లో ఆటోడెస్క్ కొనుక్కుంది. బయటి కంపెనీగా పుట్టింది కాబట్టే రకరకాల సాఫ్ట్‌వేర్ల ఫైళ్లని ఒకచోట చేర్చి చూపించడం దాని వృత్తి. నావిస్‌వర్క్స్ ఫ్రీడమ్ పేరుకి తగ్గట్టు ఉచితం, విండోస్ మీదే నడుస్తుంది. ఎప్పుడూ అన్నిటికంటే కొత్త ఫ్రీడమే వేసుకోండి. పాత ఎన్‌డబ్ల్యూడీలు కొత్తదాంట్లో తెరుచుకుంటాయి, కొత్తవి పాతదాంట్లో తెరుచుకోవు. జీబీ దాటిన రెవిట్ మోడల్స్ ఎన్‌డబ్ల్యూడీ అయ్యేసరికి బాగా చిక్కిపోతాయి. ఆకారాలు, లక్షణాలు మిగులుతాయి, ఆ ఆకారాన్ని పుట్టించిన తెలివి పోతుంది. చూసేవాడికి ఆ తెలివితో పని లేదు.

ఇక్కడ మూడు తోబుట్టువులున్నాయి, పేర్లలో చివరి అక్షరమే తేడా. ఎన్‌డబ్ల్యూసీ అంటే ఆర్‌వీటీ లాంటి ఒక ఫైలు చదివి పక్కన పెట్టుకున్న క్యాష్, అంటే తాత్కాలిక కాపీ. ఎన్‌డబ్ల్యూఎఫ్ అంటే ఏయే ఫైళ్లు ఎక్కడున్నాయో రాసుకున్న చిట్టా, దానితో పాటు కామెంట్లు, వ్యూ పాయింట్లు. ఎన్‌డబ్ల్యూడీ అంటే అన్నీ మూట కట్టి సీలు వేసినది. ఒకసారి గల్ఫ్ ప్రాజెక్టు మీటింగ్‌కి గంట ముందు మా కుర్రాడు క్లయింట్‌కి ఎన్‌డబ్ల్యూఎఫ్ పంపాడు. వంద కేబీ లేదు. పెద్ద బిల్డింగ్‌ని ఇంత చిన్నగా చేశారని అటువైపు వాళ్లు ముచ్చటపడి తెరిస్తే ఖాళీ తెర. అసలు ఫైళ్లు మా ఆఫీసు సర్వర్‌లో ఉన్నాయి, వెళ్లింది చిట్టా మాత్రమే. మీకెవరైనా నావిస్‌వర్క్స్ ఫైలు పంపితే, సైజు కేబీల్లో ఉంటే, డౌన్‌లోడ్ కాకముందే ఫోన్ చెయ్యండి.

ఇప్పుడు ఐఎఫ్‌సీ. మీ అసలు తలనొప్పి ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

ఐఎఫ్‌సీ ఏ కంపెనీ సొత్తూ కాదు. బిల్డింగ్‌స్మార్ట్ అనే అంతర్జాతీయ సంస్థ నడిపే ప్రమాణం, 2013లో ఐఎస్ఓ 16739 అయ్యింది, రోడ్లు వంతెనలు రైల్వేలు కలిసిన 4.3 రూపం 2024లో ఐఎస్ఓ ప్రమాణంగా వచ్చింది. బిల్డింగుల వాళ్లలో ఎక్కువమంది ఇప్పటికీ 2ఎక్స్3 అనే పాత రూపంలోనే పంపుతుంటారు. దీని గొప్ప ఏమిటంటే మామూలు ఐఎఫ్‌సీ ఫైలు లోపల ఉన్నదంతా అక్షరాలే. నోట్‌ప్యాడ్‌లో తెరవచ్చు. వందల ఎంబీ ఉంటే నోట్‌ప్యాడ్ ఉక్కిరిబిక్కిరవుతుంది, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ నయం. పైన మొదటి పది పన్నెండు వరసలే మీకు కావాలి. ఫైల్ నేమ్ అన్న వరసలో అసలు పేరు, తయారైన తేదీ, సమయం, ఏ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చింది అన్నవి ఉంటాయి. ఫైల్ స్కీమా అన్న వరసలో 2ఎక్స్3నా, 4నా అన్నది. విండోస్‌లో కనపడే తేదీ జిప్ విప్పినప్పుడో కాపీ చేసినప్పుడో మారిపోవచ్చు. ఈ లోపలి తేదీ ఎక్స్‌పోర్ట్ కొట్టిన క్షణానిది. మీ రెండు జిప్‌లలో ఏ ఐఎఫ్‌సీ కొత్తదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక డక్టులు ఎక్కడికో పోవడం. మీ సర్వేయర్ టోటల్ స్టేషన్‌తోనో డీజీపీఎస్‌తోనో స్థలం కొలిచి యూటీఎం (భూమిని పట్టీలుగా విడగొట్టి చోటుని మీటర్లలో చెప్పే పద్ధతి) అంకెల్లో డీడబ్ల్యూజీ ఇచ్చి ఉంటాడు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ మూడూ యూటీఎం 44వ జోన్‌లోవే, అది 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య పట్టీ. ఆ లెక్కలో ఉత్తరం అంకె భూమధ్యరేఖ నుంచి కొలుస్తారు. హైదరాబాద్ దగ్గర అది 19 లక్షల మీటర్ల పైన, విజయవాడ దగ్గర 18 లక్షల పైన ఉంటుంది. అంటే బిల్డింగ్ అసలు సున్నా నుంచి 1,800 కిలోమీటర్ల దూరంలో కూర్చుంది. రెవిట్ తన లోపలి సున్నా నుంచి చుట్టూ 10 మైళ్లు, అంటే 16 కిలోమీటర్లు దాటిన ఆకారాల్ని సరిగా భరించలేదు. అందుకే రెవిట్ వాడేవాళ్లు బిల్డింగ్‌ని లోపలి సున్నా దగ్గరే గీసి, "ఈ బిందువు అసలు భూమ్మీద ఫలానా చోటు" అని షేర్డ్ కోఆర్డినేట్స్‌లో విడిగా రాసి పెట్టుకుంటారు.

ఐఎఫ్‌సీ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు రెవిట్ ఒక ప్రశ్న అడుగుతుంది: కోఆర్డినేట్ బేస్ ఏది? షేర్డ్ కోఆర్డినేట్సా, సర్వే పాయింటా, ప్రాజెక్ట్ బేస్ పాయింటా, ఇంటర్నల్ ఆరిజినా? మీ ఆర్కిటెక్ట్ దగ్గర కుర్రాడు ఒకటి ఎంచుకున్నాడు, ఏసీ కన్సల్టెంట్ దగ్గర కుర్రాడు ఇంకోటి ఎంచుకున్నాడు. గోడలు విజయవాడలో ఉన్నాయి, డక్టులు భూమధ్యరేఖ వైపు సున్నా దగ్గర ఉన్నాయి. ఇద్దరి మోడలూ వాళ్ల వాళ్ల కంప్యూటర్‌లో చక్కగానే ఉంటుంది, అందుకే ఇద్దరూ "మా దగ్గర బానే ఉందండీ" అంటారు. ఐఎఫ్‌సీ 4లో అయితే పెద్ద అంకెల్ని మ్యాప్ కన్వర్షన్ అనే ఒక వరసలో విడిగా దాచి, ఆకారాల్ని సున్నా దగ్గరే ఉంచే వీలుంది. ఆ వరసని గౌరవించే వ్యూయర్లున్నాయి, పట్టించుకోనివీ ఉన్నాయి. ఒకే రెండు ఫైళ్లు ఒక వ్యూయర్‌లో కలిసి, ఇంకోదాంట్లో విడిపోయాయంటే అనుమానం అక్కడే పెట్టుకోండి.

గోడలు వణకడం కూడా ఇదే జబ్బు. గ్రాఫిక్స్ కార్డు మామూలుగా లెక్కలు 32 బిట్ల దశాంశాల్లో చేస్తుంది. అందులో నమ్మదగినవి ఏడు అంకెలే. సున్నా దగ్గర ఆ ఏడంకెలు మిల్లీమీటర్ కంటే సన్నంగా చూపిస్తాయి. 18 లక్షల మీటర్ల దూరానికి వెళ్లేసరికి పక్కపక్క రెండు బిందువుల మధ్య కనీస దూరం 12.5 సెంటీమీటర్లు అయిపోతుంది. మన తొమ్మిదంగుళాల గోడ మందం 23 సెంటీమీటర్లే కదా, అది ఒక మెట్టు మీదో రెండు మెట్ల మీదో కూర్చోవాలి. మీరు మౌస్ తిప్పిన ప్రతిసారీ ఏ మెట్టు దగ్గరైతే దానికి దూకుతుంది, అదే వణుకు. మంచి వ్యూయర్లు బిల్డింగ్‌ని చాటుగా సున్నా దగ్గరికి జరిపి చూపిస్తాయి కాబట్టి అక్కడ తెలియదు. ల్యాప్‌టాప్‌ని గానీ గ్రాఫిక్స్ డ్రైవర్‌ని గానీ తిట్టుకోవద్దు. ఈ స్థితిలో ఉన్న మోడల్‌లో టేపు పెట్టి కొలిచిన ఏ కొలతనీ మాత్రం నమ్మొద్దు.

దీనికి మందు చిన్నదే. అందరూ ఒప్పుకునే ఒక బిందువు, సాధారణంగా "ఏ" అనే గ్రిడ్ గీత, "1" అనే గ్రిడ్ గీత కలిసే చోటు, గ్రౌండ్ ఫ్లోర్ ఫినిష్ లెవెల్ దగ్గర. ఆ బిందువు యూటీఎం అంకెలు, ఉత్తరానికి బిల్డింగ్ ఎంత కోణంలో తిరిగి ఉంది, సముద్రమట్టం నుంచి ఎత్తు, ఇవి ఒక కాగితం మీద రాసి అందరి చేతా సంతకం పెట్టించండి. అందరూ ఆ బిందువునే ప్రాజెక్ట్ బేస్ పాయింట్ చేసుకుని దాని మీదే ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి. నేను ఇంకోటి కూడా చేయిస్తాను. ప్రతి మోడల్‌లోనూ ఆ బిందువు దగ్గర ఒక చిన్న ఘనం పెట్టమంటాను, ఆర్కిటెక్ట్‌ది ఎరుపు, స్ట్రక్చర్‌ది నీలం, సర్వీసులది ఆకుపచ్చ. ఫైళ్లు రాగానే కలిపి తెరిచి ఆ మూల చూస్తే చాలు. మూడు ఘనాలూ ఒకదాంట్లో ఒకటి దూరి కనపడితే మిగతాది చూడొచ్చు, లేకపోతే ఫైలు అక్కడే వాపస్.

వ్యూయర్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బిమ్‌విజన్ తేలిక, 8 జీబీకి సరిపోతుంది, కొలవడం, కోసి చూడటం బాగుంటాయి. బిమ్‌కొలాబ్ జూమ్‌లో రంగులు వేసి వడకట్టడం బాగుంటుంది. సొలిబ్రి ఎనీవేర్ కూడా ఉచితమే. ఫోన్‌లోనూ బ్రౌజర్‌లోనూ కావాలంటే ట్రింబుల్ కనెక్ట్. ఒకటి వేసుకుని వారం రోజులు దాని మీదే చెయ్యి తిరగనివ్వండి, నాలుగు వేసుకుంటే నాలుగిట్లోనూ కొత్తవాళ్లే అవుతారు. ఏది వాడినా మొత్తం బిల్డింగ్ ఒకేసారి తెరవొద్దు, మూడో అంతస్తు పనైతే మూడో అంతస్తే ఉంచి మిగతాది దాచండి. ల్యాప్‌టాప్‌కి ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించే వీలుంటే దాని మీద పెట్టిన డబ్బు వృథా కాదు.

ఐఎఫ్‌సీ చూసేటప్పుడు ఇంకొక్క జాగ్రత్త. బీమ్స్ అని వడకడితే కొన్ని బీములు కనపడకపోతే అవి లేవని కాదు. మోడల్ చేసినవాళ్లు జెనరిక్ ఫ్యామిలీతో (ఏ రకమో చెప్పని రెవిట్ వస్తువుతో) గీసేస్తే అది ఐఎఫ్‌సీలో ప్రాక్సీగా దిగుతుంది, అంటే "ఏదో ఒక వస్తువు" అని. ప్రాక్సీల జాబితా ఒకసారి తిరగేయండి. అలాగే కాంక్రీటు క్వాంటిటీ నేరుగా దించుకుని ఆర్ఏ బిల్లులో (జరిగిన పనికి దశలవారీగా పెట్టే బిల్లులో) పెట్టేయొద్దు. స్లాబు, బీము ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటే, జాయిన్ చెయ్యకపోతే, ఆ కాంక్రీటు రెండుసార్లు లెక్కకొస్తుంది. క్లయింట్ వైపు క్వాంటిటీ సర్వేయర్ ఒక అంతస్తు చేత్తో లెక్కేసి చూపిస్తే ఆ తర్వాత మీ నిజమైన అంకెల్ని కూడా అనుమానంగానే చూస్తాడు.

డీడబ్ల్యూజీ మీకు తెలిసిందే కాబట్టి ఒకే చిట్కా. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొట్టమొదటి ఆరక్షరాలే వెర్షన్. ఏసీ1032 అంటే 2018 ఫార్మాట్, ఏసీ1027 అంటే 2013, ఏసీ1024 అంటే 2010. మీ పాత ఆటోకాడ్ తెరవకపోతే ఆటోడెస్క్‌దే డీడబ్ల్యూజీ ట్రూవ్యూ ఉచితం, చూపిస్తుంది, పాత ఫార్మాట్‌లోకి మార్చి కూడా ఇస్తుంది. ఎక్స్‌రెఫ్ (డ్రాయింగ్‌కి జతచేసిన వేరే డ్రాయింగ్) దొరకలేదంటే ఈట్రాన్స్‌మిట్ చేసి, అంటే జతచేసినవన్నీ ఒక మూట కట్టి పంపమనండి.

సరే, రెండో జిప్. అవే పేర్లు, ఏది నిజం?

మొదట చెయ్యాల్సింది, ఏవి నిజంగా మారాయో తేల్చడం. 7-జిప్ వేసుకున్నారు కదా, ఫైలు మీద రైట్ క్లిక్‌లో సీఆర్‌సీ ఎస్‌హెచ్ఏ అని ఉంటుంది, అందులో ఎస్‌హెచ్ఏ-256 నొక్కితే ఒక పొడుగాటి అంకె వస్తుంది. అది ఫైలుకి వేలిముద్ర. రెండు ఫైళ్ల వేలిముద్ర ఒకటే అయితే పేరు, తేదీ ఎలా ఉన్నా అవి ఒకటే ఫైలు. నలభై డీడబ్ల్యూజీల్లో చాలావరకు మారి ఉండవు, మారినవాటినే కూర్చుని చూడండి. వేలిముద్ర వేరైతే లోపల గీతలు మారాయనే కాదు, ఊరికే తెరిచి సేవ్ చేసినా మారుతుంది. ఒకటైతే మాత్రం నిశ్చింత.

ఆ తర్వాత ఫోల్డర్లు. "ఫైనల్", "ఫైనల్ 2", "కొత్త ఫైనల్", "సార్ చెప్పిన ఫైనల్" ఇవన్నీ నేను కళ్లారా చూశాను, రెండు నేనే పెట్టాను. మీది చిన్న జట్టు, నాలుగు ఫోల్డర్లు చాలు. "వచ్చినవి" అన్నదాంట్లో వచ్చిన జిప్ వచ్చినట్టే, విప్పకుండా, తేదీ పేరుతో. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు రాస్తే వరసగా వాటంతటవే సర్దుకుంటాయి. రీడ్ ఓన్లీ పెట్టేయండి, ఎవరూ ముట్టుకోకూడదు. "ఇప్పుడు వాడేవి" అన్నదాంట్లో తాజా విప్పిన కాపీ ఒక్కటే ఉండాలి. "మన పని" అంటే మీరు చేసిన మార్కింగులు, షాప్ డ్రాయింగులు. "పాతవి" అంటే పక్కకి తప్పించినవి, చెరపొద్దు. 2018లో వచ్చిన ఐఎస్ఓ 19650 చెప్పే వర్క్ ఇన్ ప్రోగ్రెస్, షేర్డ్, పబ్లిష్డ్, ఆర్కైవ్ అన్న నాలుగు గదుల పద్ధతికి ఇది పల్లెటూరి రూపం. బ్రిటన్‌లో ఆ ప్రమాణం వాడేవాళ్లు ఫైలుకి రివిజన్ గుర్తు పెడతారు, పీ01 అంటే ఇంకా ప్రాథమిక దశలో ఉన్నది, సీ01 అంటే కాంట్రాక్టుకి చేరినది. మీ ఆర్కిటెక్ట్ ఫైలు పేర్లలో అలాంటిదేమైనా ఉందేమో చూడండి. ఉంటే తేదీ కంటే అదే నమ్మకం.

వచ్చిన ఆర్‌వీటీల పేర్లు మాత్రం మీ సౌకర్యం కోసం మార్చొద్దు. ఒక ఆర్‌వీటీ ఇంకోదాన్ని లింకుగా వెతుక్కునేది పేరుతో, పాత్‌తో. పేరు మారిస్తే ఆర్కిటెక్ట్ మోడల్ తెరవగానే స్ట్రక్చర్ దొరకలేదంటుంది. పేరు మార్చాలనిపిస్తే ఫోల్డర్ పేరు మార్చుకోండి.

ఒక ఎక్సెల్ షీటు పెట్టండి. వచ్చిన తేదీ, ఎవరు పంపారు, ఏ ఫైలు, లోపలి తేదీ, దేనికోసం పంపారు. ఈ చివరి గడి ముఖ్యం. "సమాచారం కోసం" పంపినదాన్ని చూసి స్లీవులు పెట్టి స్లాబు పోసేసిన సైట్లున్నాయి. ఒకచోట మా మోడల్‌లో జరిపిన ప్లంబింగ్ షాఫ్టు చూసి సైటువాళ్లు సెంట్రింగ్ విప్పి మార్చుకున్నారు, ఆ మార్పుకి స్ట్రక్చరల్ ఇంజనీరు ఇంకా ఒప్పుకోలేదు. మళ్లీ మార్చారు. వాళ్ల మేస్త్రీ ఆ వారమంతా మా ఫోన్ ఎత్తలేదు. మీ అగ్రిమెంట్‌లో మోడల్‌కి ఏ హోదా ఉందో చూడండి. విడిగా రాసి లేకపోతే సంతకం, ముద్ర ఉన్న "కన్‌స్ట్రక్షన్ కోసం విడుదల" డ్రాయింగే మీకు ఆధారం. మోడల్‌కీ డ్రాయింగ్‌కీ తేడా కనపడితే పోత ఆపి ఆర్‌ఎఫ్‌ఐ (వివరణ కోరుతూ రాసే ప్రశ్న) పెట్టండి.

ఆ తేడా చెప్పే పద్ధతి కూడా మార్చుకోండి. ఇప్పుడు స్క్రీన్‌షాట్ మీద ఎర్ర సున్నా చుట్టి వాట్సాప్ చేస్తున్నారని రాశారు. అవతలివాడు ఆ చోటు వెతుక్కోవడానికే అరగంట పడుతుంది. బీసీఎఫ్ అని ఒక ఫైలు రకం ఉంది, సరిగ్గా ఈ పనికే పుట్టింది. మీరు ఏ కోణంలో చూస్తున్నారో ఆ కెమెరా, ఏ వస్తువుల మీద సమస్యో వాటి గుర్తింపు సంఖ్యలు, మీ మాట, అన్నీ ఒక చిన్న ఫైలులో వెళ్తాయి. అవతలివాళ్లు రెవిట్‌లో ప్లగిన్‌తో తెరిస్తే నేరుగా ఆ డక్టు ముందు నిలబడతారు. మీరు ఎంచుకున్న వ్యూయర్ బీసీఎఫ్ రాయగలదో లేదో ముందే చూసుకోండి. అవతలివాళ్లకి బీసీఎఫ్ తెలియదంటే కనీసం గ్రిడ్, లెవెల్, ఆ వస్తువు గ్లోబల్ ఐడీ రాయండి. ప్రతి వస్తువుకీ 22 అక్షరాల గ్లోబల్ ఐడీ ఉంటుంది, వ్యూయర్‌లో నొక్కితే కనపడుతుంది. ఒకే మోడల్ నుంచి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసినా సాధారణంగా అదే ఐడీ వస్తుంది, కాబట్టి పోయిన వారం చెప్పిన డక్టు ఈ వారం ఫైలులో మారిందో లేదో వెతికి పట్టుకోవచ్చు. డక్టుని చెరిపి కొత్తగా గీస్తే ఐడీ మారిపోతుంది, అప్పుడు గ్రిడ్డే గతి.

చివరిగా, వచ్చే నెల కొనబోయే లైసెన్సు. అది వచ్చాక మీరు జాడీ మూత తీయగలరు, కాబట్టి రెండు మాటలు ఇప్పుడే.

ఆర్కిటెక్ట్ పంపిన ఆర్‌వీటీ ఎక్కువసార్లు వర్క్‌షేరింగ్ మోడల్ (చాలామంది ఒకేసారి పనిచేసేది) అయి ఉంటుంది. తెరిచేటప్పుడు డిటాచ్ ఫ్రమ్ సెంట్రల్ అన్న గడిలో టిక్ పెట్టండి. లేకపోతే అది వాళ్ల సర్వర్‌లో ఉన్న సెంట్రల్ కోసం వెతికి గొడవ చేస్తుంది. బరువైన మోడల్ అయితే అక్కడే వర్క్‌సెట్స్ (మోడల్‌ని విడగొట్టుకున్న భాగాలు) ఎంచుకునే వీలుంది, అవసరమైనవే తెరవండి, 8 జీబీ మీద తేడా మీకే తెలుస్తుంది. డీడబ్ల్యూజీని రెవిట్‌లోకి తెచ్చుకోవాలంటే లింకు చెయ్యండి, ఇంపోర్ట్ చెయ్యొద్దు. ఇంపోర్ట్ చేసి ఎక్స్‌ప్లోడ్ కొట్టి ముక్కలు చేశారంటే ఆటోకాడ్ లేయర్లు, హ్యాచ్‌లు, లైన్ స్టైళ్లు మోడల్ నిండా పాకుతాయి, ఏరుకోవడానికి వారం పడుతుంది. పర్జ్ (వాడనివాటిని తీసేసే ఆదేశం) కొట్టేముందు కాపీ తీసుకోండి, ఇంకా వాడని ఫ్యామిలీలు కూడా అందులో పోతాయి, ఎవరో రేపటి కోసం లోడ్ చేసి పెట్టుకున్నవి అవే కావచ్చు.

రెండోది, ఇద్దరు ముగ్గురు కలిసి పనిచెయ్యడం మొదలైతే సెంట్రల్ ఫైలుని గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటి సింక్ ఫోల్డర్‌లో పెట్టొద్దు. ఆటోడెస్క్ కూడా దీన్ని ఒప్పుకోదు. నేను ఒకప్పుడు కలిసి పనిచేసిన ఒక ఆఫీసు, లాక్‌డౌన్ రోజుల్లో, సర్వర్ లేదని సెంట్రల్‌ని సింక్ ఫోల్డర్‌లో పెట్టింది. మొదటి వారం బ్రహ్మాండంగా నడిచింది. నిజానికి ప్రతి ఇంట్లోనూ ఆ సెంట్రల్‌కి ఒక సొంత కాపీ ఉంది, సింక్ సాఫ్ట్‌వేర్ వెనకాల వాటిని కలపబోతోంది. ఇద్దరు ఒకే సమయంలో సింక్రనైజ్ కొట్టారు. ఒకరి సెంట్రల్ నిలిచింది, రెండోది "కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ" పేరుతో పక్కకి పోయింది. ఎవరూ చూడలేదు. మూడు రోజుల తర్వాత రెండో అంతస్తు డక్టులన్నీ మాయమయ్యాయని తెలిసింది. బ్యాకప్ ఫోల్డర్లోంచి వెనక్కి తేబోతే అది కూడా సగం సగం సింక్ అయి ఉంది. ఒక అమ్మాయి ఆ మూడు రోజుల పని రెండు రాత్రుల్లో మళ్లీ గీసింది. ఒకే ఆఫీసులో ఉంటే ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో మామూలు షేర్డ్ డ్రైవ్ చాలు, వేర్వేరు ఊళ్లలో ఉంటే ఆటోడెస్క్ క్లౌడ్ వర్క్‌షేరింగ్‌కి డబ్బు కట్టాల్సిందే. పూర్తయిన ఎన్‌డబ్ల్యూడీలు, ఐఎఫ్‌సీలు, పీడీఎఫ్‌లు మాత్రం గూగుల్ డ్రైవ్‌లో హాయిగా పెట్టుకోండి, అవి సీసాలే కదా.

సోమవారం మీరు చెయ్యాల్సింది ఆర్కిటెక్ట్‌కి ఒక మెయిల్. అన్ని మోడల్స్ కలిపిన ఎన్‌డబ్ల్యూడీ ఒకటి, విభాగానికొక ఐఎఫ్‌సీ, అందరిదీ ఒకే బేస్ పాయింట్ మీద. ఆ బిందువు అంకెలు రాసిన కాగితం. మారినవాటి జాబితా. ప్రతి ఫైలు దేనికోసం పంపుతున్నారో ఒక మాట. సీసీలో ఏసీ కన్సల్టెంట్‌ని, మీ మేనేజర్ గారిని పెట్టండి.

ఈలోపు మీ రెండు ఐఎఫ్‌సీల పైన ఉన్న పన్నెండు వరసలు, లోపల ఐఎఫ్‌సీ సైట్ అని వెతికితే దొరికే వరస ఇక్కడ కాపీ చేసి పెట్టండి. పేర్లు, అడ్రసులు ఉంటే తీసేయండి. ఎవరు ఏ బేస్ మీద ఎక్స్‌పోర్ట్ చేశారో వాటిని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది, రాత్రి డ్యూటీ అయ్యాక చూసి చెప్తాను.